తీగ దించని పాట

వేసవి ముగిసి మార్టిన్ పిట్టలు దక్షిణానికి ఎగిరిపోయాక వాటి గూళ్లు దించి కడగడం ఒజెల్లా ఇంట్లో ఏటా ఉండే పని. పెరట్లో, పొగాకు చేను వైపు, ఒక పొడవాటి స్తంభం ఉంది. దాని తలమీద అడ్డకర్రలు, కర్రలకు కొక్కేలు, కొక్కేలకు ఎండిన సొరబుర్రలు. ఒక్కో బుర్రకు పిట్ట దూరేంత రంధ్రం. ఆ పిట్టలు ఇంటి దగ్గరుంటే గద్దలు కోడిపిల్లల జోలికి రావు కాబట్టి ఆ చుట్టుపక్కల చాలా పెరళ్లలో ఇలాంటి స్తంభం ఉంటుంది. ఒజెల్లా స్తంభానికి పన్నెండు బుర్రలు. పదకొండు దించి, కడిగి, ఎండబెట్టి కొట్టంలో పెడుతుంది. పన్నెండోది ముట్టుకోదు. ఎందుకని ఎవరైనా అడిగితే కొక్కెం తుప్పుపట్టి బిగుసుకుపోయిందంటుంది. అలా చెప్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది.

అందుకని చలికాలమంతా అంత ఎత్తున ఒకే ఒక్క తెల్లబుర్ర వేలాడుతూ ఉంటుంది. అందులో ఇంతవరకూ ఏ పిట్టా గూడు పెట్టలేదు. వసంతంలో వచ్చిన పిట్టలు దాని అంచు మీద వాలతాయి, లోపలికి తొంగి చూస్తాయి, గబుక్కున లేచి పక్కదానికి పోతాయి. ఒజెల్లా చూసీ చూడనట్టు కోళ్లకు గింజలు చల్లుకుంటుంది.

పంతొమ్మిది వందల డెబ్భై ఆరు ఫిబ్రవరిలో, మూడు రోజులుగా వదలకుండా ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఆవిడ వంటింట్లో పొయ్యి రాజేసుకుని కూర్చుని ఉంటే గేటు దగ్గర కారు ఆగింది. బాబాయి కూతురు ఎర్నెస్టీన్ తండ్రిని చెయ్యి పట్టుకుని దింపి, మెట్లెక్కించి, "అక్కా, ఆరింటికి వచ్చి తీసుకెళ్తా. పందిమాంసం అడుగుతాడు, పెట్టకు" అని చెప్పి డర్హమ్‌లో డ్యూటీకి వెళ్లిపోయింది.

వైలీ బాబాయికి ఎనభై ఒకటి. ఒజెల్లా తండ్రి ఆస్బరీకి సొంత తమ్ముడు. ఒకప్పుడు అన్న బాంజో, తమ్ముడు ఫిడేలు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రంతా మంట కాసే జనం వీళ్లిద్దరి పాటలతోనే మేలుకుని ఉండేవాళ్లు. ఇప్పుడు చేతులు వణికి ఫిడేలు మూలపడింది. ఆ రోజు మాత్రం చంకలో పిండిసంచి చుట్టిన మూట ఒకటి ఉంది.

"ఇంకా ఉన్నావా బాబాయ్?" అంది ఒజెల్లా, కుర్చీ పొయ్యి దగ్గరకు లాగుతూ.

"పోదామనే బయల్దేరా. నీ కాఫీ గుర్తొచ్చింది. అంతకంటే చేదు పైన ఏదీ ఉండదు కదా, ఒకసారి తాగితే ధైర్యంగా ఉంటుందని వచ్చా."

"పంచదార వేస్తే నీ కూతురు నన్ను చంపేస్తుంది."

"దానికి పంచదార వద్దు, ఉప్పు వద్దు, పంది వద్దు. నేనూ వద్దంటే ఒక పనైపోయేది."

నవ్వుకుంటూ ఆయన మూట విప్పాడు. ఒజెల్లా చేతిలో కాఫీ గిన్నె అలాగే ఆగిపోయింది. సంచిలోంచి బయటికొచ్చింది సొరబుర్ర బాంజో. పచ్చగా మెరిసే కొత్త బుర్ర, ముందువైపు కోసి దాని మీద బిగించిన మేకతోలు, మెట్లు లేని నున్నటి దండి, మూడు పొడుగు తీగలు, బొటనవేలి కోసం పక్కన ఒక పొట్టి తీగ. అచ్చం నాన్న చేసిన దానిలాగే ఉంది.

"మూడేళ్లు పట్టింది" అన్నాడు వైలీ. "మొదటి ఏడు కాయ కుళ్లింది. రెండో ఏడు కాయని మా అమ్మాయి నీళ్లు ముంచే దొప్ప చేసేసింది. ఈ ఏడు నా మంచం కింద దాచుకుని ఎండబెట్టా. అన్న బాంజో ఏమో ఆయనతో పాటే మట్టిలో ఉంది. మరి నా రోజు వచ్చినప్పుడు నువ్వు దేనిమీద తీగ దించుతావు?"

ఒజెల్లా పొయ్యిలో కట్టె సర్దుతున్నట్టు మొహం అటు తిప్పుకుంది.

వాళ్ల కుటుంబంలో వాయిద్యం పట్టిన ప్రతివాళ్లకీ సొంతంగా ఒక పాట ఉంటుంది. మాటలుండవు, ఉత్త వరస. ఆ మనిషి పోయిన రోజు, శవపెట్టె మూత వేసేముందు, ఇంట్లో ఒకరు కూర్చుని ఆ పాటను బాంజో మీద మొదటినుంచి చివరిదాకా ఒకేఒక్కసారి వాయిస్తారు. వాయించి, బిరడాలు తిప్పి తీగలను ఒక్కొక్కటిగా వదులు చేస్తారు. ఆఖరి తీగ మూగబోయాకే మూత వేస్తారు. దాన్ని తీగ దించడం అంటారు. దించకపోతే ఏమవుతుందని చిన్నప్పుడు ఒజెల్లా అడిగింది. దించని రోజంటూ ఎప్పుడూ రాలేదు కాబట్టి తనకు తెలియదన్నాడు నాన్న.

ఆస్బరీ పాటలో ఒకచోట తీగ పలకదు. అక్కడికొచ్చేసరికి ఆయన చెయ్యి ఆపి, వేలి కణుపుతో తోలు మీద రెండుసార్లు కొట్టేవాడు. టక్, టక్. ఒక్క క్షణం ఆగి మళ్లీ పాట అందుకునేవాడు.

"ఎందుకు నాన్నా అలా కొడతావు?"

"తలుపు తడుతున్నానమ్మా."

"ఎవరూ తీయకపోతే?"

"తీసేదాకా తట్టడమే."

ఒజెల్లాకు వాయించడం నేర్పింది ఆయనే. గోటి వీపుతో తీగను కిందికి కొట్టడం, బొటనవేలిని పొట్టి తీగ మీద ఆనించి చివర్లో లాగడం, ఒక్కో పాటకు ఒక్కో శ్రుతి మార్చుకోవడం, అన్నీ ఆమెకు పన్నెండేళ్లు నిండకముందే వచ్చేశాయి. పెళ్లయ్యాక మానేసింది. భర్త హొరేస్ చర్చిలో డీకన్, పాస్టరు తర్వాత అంతటి పెద్ద. మొహాలకు మసి పూసుకున్న తెల్లవాళ్లు స్టేజీల మీద బాంజోలు పట్టుకుని నల్లవాళ్ల నడకనీ నవ్వునీ వెక్కిరించిన రోజులు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. నాలుగు అక్షరాలు వచ్చిన నల్లవాళ్లు ఆ వాయిద్యం పేరెత్తితేనే మొహం ముడుచుకునేవాళ్లు. చర్చిలో సరేసరి, అది సారాకీ గంతులకీ తోబుట్టువు. నలుగురిలో తండ్రి బాంజో మాట వస్తే ఒజెల్లాకు తల కొట్టేసినట్టుండేది. అది వేరే ఎవరి సంగతో అన్నట్టు కూర్చునేది.

మంచాన పడ్డాక ఆస్బరీ కూతుర్ని ఒక్కటే అడిగాడు.

"తీగ దించుతావుగా అమ్మా?"

"దించుతాను నాన్నా."

ఆయన పోయిన రోజు ముందుగదిలో పాస్టరు గారున్నారు. పట్నం నుంచి వచ్చిన సంఘపెద్దలున్నారు. టోపీలూ తెల్ల గ్లౌజులూ తొడుక్కున్న ఆడవాళ్లున్నారు. ఒజెల్లా వెనకగదిలో బాంజో ఒళ్లో పెట్టుకుని, నాన్న పాటకు శ్రుతి చేసుకుని, మంచం మీద కూర్చుంది. అవతల కీర్తన అయిపోయింది. లేచి తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసింది. తీయలేకపోయింది. ఆ టోపీలన్నీ ఒక్కసారిగా తనవైపు తిరుగుతాయన్న ఒక్క ఊహే ఆమెను ఆపేసింది. బాంజోను మంచం కిందికి తోసింది. మూత వేసేశారు.

వర్జీనియా సరిహద్దు నుంచి బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చిన వైలీ వస్తూనే, "తీగ దించావా? బాంజో ఏది?" అన్నాడు అందరి ముందూ. ఒజెల్లా నోటికొచ్చింది చెప్పేసింది. "పెట్టెలో పెట్టేశాను బాబాయ్. అలా పెట్టమని నాన్నే అడిగాడు." పక్కనే ఉన్న పాస్టరు గారు ఆమె తలమీద చెయ్యి పెట్టి, పాత జీవితాన్ని పాతిపెట్టిన బిడ్డ అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆమెకు ఆ రోజు నుంచీ మెడలో రాయిలా ఉండిపోయింది.

నెల తిరక్కుండానే మంచం కింద ఉన్నది హొరేస్ కంటబడుతుందన్న భయం పట్టుకుంది. ఆయన ఇంట్లో లేని రోజు చూసి దండిని రంపంతో కోసి పొయ్యిలో పెట్టింది. బుర్ర మీది తోలు ఊడబెరకాలని కత్తి ఆనించింది గానీ చెయ్యి రాలేదు. తోలుతో సహా బుర్రంతా తెల్లరంగు పూసి, వెనకవైపు రంధ్రం కోసి, పిట్టల స్తంభానికి వేలాడదీసింది. తోలు ఉన్న వైపు చేనుకేసి తిప్పి, తీగతో కదలకుండా కట్టింది. రోడ్డున పోయేవాళ్లకు పన్నెండు బుర్రల్లో అదొకటి.

మామూలుగా అయితే ఆ తోలు ఒక్క చలికాలానికే కుళ్లి రాలిపోవాలి. పంతొమ్మిదేళ్లయినా చెక్కుచెదరలేదు.

"వినపడుతోందా అమ్మాయ్?" అన్నాడు వైలీ. "డాక్టరు నా గుండె పనైపోయిందన్నాడు. నా పాట తెలిసిన చేతులు నీవి తప్ప ఇంకెవరివీ లేవు."

"నేను డీకన్ భార్యని బాబాయ్."

"డీకన్ పోయి ఆరేళ్లయింది. చర్చి ఎక్కడికీ పోదు. ఆ దేవుడికీ చెవులున్నాయి, కాస్త మంచి సంగీతం పడితే సంతోషిస్తాడు. పట్టుకో."

పట్టుకుంది. తోలు మీద వేలితో మీటింది. దుప్పటి మీద కొట్టినట్టు బొత్తిగా చప్పబడిపోయి ఉంది. ముసురుకు తోలు ఊరి సడలిపోయింది. చిన్నప్పటిలాగే బుర్రను పొయ్యి ముందు పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ, మధ్యమధ్య మీటి చూసింది. మేకతోలు వేడెక్కిన వాసన. బాగా తెలిసిన వాసన. మెల్లగా చప్పుడు బిగుసుకుంటూ వచ్చింది. శ్రుతి కలిపి, గోరు కిందికి వదిలింది.

వేళ్లు దేన్నీ మరిచిపోలేదు. ముందు వైలీ పాట వాయించింది. అది కోడిపుంజు గోడెక్కి దూకినట్టు ఎగుడుదిగుడుగా పోయే పాట. ముసలాయన బూటుతో నేలమీద దరువు వేస్తూ, "తొందరపడకు, నేనింకా చావలేదు" అన్నాడు. ఒజెల్లా పకపకా నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆవిడకే తెలియదు. ఆ కాసేపూ సిగ్గు లేదు, భయం లేదు. ఇంత సంతోషాన్ని ఎవరికోసం వదులుకున్నానా అనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడు అన్నది" అన్నాడు వైలీ, కళ్లు మూసుకుని. "ఒక్కసారి వినిపించు."

వద్దనడానికి కారణం ఏం చెబుతుంది? శ్రుతి మార్చింది. పొట్టి తీగను కాస్త పైకి లాగింది. బయట నాలుగున్నరకే చీకటి ముసురుకుంటోంది. కిటికీ అద్దం మీద వాన సన్నగా జారుతోంది. తడిమట్టి వాసన, పొయ్యి పొగ, అడుగంటిన కాఫీ. పాట మొదలైంది.

తలుపు తట్టే చోటు వచ్చింది. చెయ్యి ఆగింది. కణుపు తోలు దాకా వెళ్లింది. కొట్టలేకపోయింది. ఆ రెండు దెబ్బలూ కొట్టే అర్హత తనకు లేదనిపించింది.

టక్, టక్.

"అదీ" అన్నాడు వైలీ, కళ్లు తెరవకుండానే. "అచ్చం అన్న చెయ్యే."

ఒజెల్లా కిటికీవైపు చూసింది. వాన చినుకులై ఉంటాయి అనుకుంది. చూరు నీళ్లు డబ్బా మీద పడ్డాయి అనుకుంది. పాట ఆపితే బాబాయి ఎందుకని అడుగుతాడు. ఆపకుండా రెండో వరసకు పోయింది. మళ్లీ ఆ చోటు వచ్చింది. ఈసారి చెయ్యి దూరంగా తీసి, మోకాలి మీద పెట్టుకుంది.

టక్... టక్.

బయటినుంచే. పెరటివైపు నుంచి. పొడిగా, బిగువుగా ఉంది చప్పుడు. ఎండాకాలం మధ్యాహ్నం పూట తోలు పలికినట్టు.

పాట ఆగిపోయింది. వైలీ కళ్లు తెరిచి, మోకాలి మీదున్న ఆమె చెయ్యి చూశాడు.

"నువ్వు కొట్టలేదు" అన్నాడు నెమ్మదిగా.

ఒజెల్లా ఆ చెయ్యిని గబుక్కున తిరిగి బాంజో మీద పెట్టింది.

ముసలాయన గోడ పట్టుకుని లేచి, కిటికీ దగ్గరకు నడిచాడు. అద్దం మీది ఆవిరిని అరచేత్తో తుడిచాడు. బూడిదరంగు వాన. నల్లటి స్తంభం. దాని మీద తెల్లగా ఒక్కటే.

"మిగతావన్నీ దించావు. ఆ ఒక్కటీ ఎందుకుంది?"

"కొక్కెం... తుప్పు పట్టింది."

"గాలి లేదు. అదెందుకు ఊగుతోంది?"

ఒజెల్లా ఒళ్లో ఉన్న కొత్త బాంజో తోలు పొయ్యి వేడికి దూరమై అప్పుడే మళ్లీ సడలిపోయింది. వేలు తగిలితే బొంగురుగా మూలిగింది. బయట ఉన్నది మాత్రం...

టక్, టక్.

"ఇంత ముసురులో ఏ తోలూ అలా పలకదు" అన్నాడు వైలీ గుసగుసగా. తర్వాత ఆమెవైపు తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో. అదే ఆమెకు భరించరానిదైంది. "అమ్మాయ్, ఒక్క మాట అడుగుతా. అన్న బాంజోని పెట్టెలో నీ చేత్తోనే పెట్టావా?"

ఇదే చెప్పే సమయం. గదిలో ఇంకెవరూ లేరు. టోపీలు లేవు, గ్లౌజులు లేవు. అడిగింది ఎవరు? ఈ భూమ్మీద తనని ఇంకా అమ్మాయ్ అని పిలిచే ఒకే ఒక్క మనిషి. చెబితే, బాంజో చేతిలోనే ఉంది, పాట సగంలోనే ఉంది, ఇద్దరూ కలిసి ఇప్పుడే ముగించి తీగ దించేయవచ్చు. అదంతా ఆమెకు తెలుసు. కానీ పంతొమ్మిదేళ్లు ఈయన తన మాట నమ్మి ఆ సమాధి దగ్గర టోపీ తీసి నిలబడ్డాడే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

"నా చేత్తోనే పెట్టాను బాబాయ్" అంది.

బయట చప్పుడు ఆగిపోయింది. అడిగినవాడు జవాబు విని ఊరుకున్నట్టుగా ఆగిపోయింది.

ఆరింటికి ఎర్నెస్టీన్ వచ్చేదాకా ఇద్దరూ దీపం వేసుకుని కూర్చున్నారు. వెళ్లేటప్పుడు వైలీ బాంజోను ఆమెకు అందించాడు. "నీ దగ్గరే ఉంచు. ఎలాగూ నువ్వే వాయించాలి."

"వద్దు బాబాయ్. నా ఇంట్లో వద్దు."

ఆయన బాంజోను మళ్లీ సంచిలో చుట్టుకున్నాడు. "సరే. ఆ రోజు వచ్చి తీసుకో. వస్తావుగా?"

"వస్తాను."

తొమ్మిదో రోజున ఫోను వచ్చింది. శనివారం పొద్దున్న ఒజెల్లా నల్లబట్టలు వేసుకుని వెళ్లేసరికి ముందుగది జనంతో నిండి ఉంది. కొత్త పాస్టరు గారు, చర్చి ఆడవాళ్లు, పొగలు కక్కుతున్న ఆకుకూర గిన్నెలు. పెట్టెలో వైలీ బాబాయి సూటు వేసుకుని ఎవరి మీదో జోకు వేయబోతున్నట్టు పడుకుని ఉన్నాడు. బాంజో పక్కనే కుర్చీలో ఉంది.

ఎర్నెస్టీన్ కళ్లు తుడుచుకుంటూ దగ్గరకొచ్చింది. "నాన్న నీకోసమే ఉంచమన్నాడు. వాయిస్తావా అక్కా? లేకపోతే పెద్దనాన్నకు నువ్వు చేసినట్టే పక్కన పెట్టేద్దామా? మన ఇంటి పద్ధతి అదేనేమో నాకు సరిగ్గా తెలియదు."

తన అబద్ధం వీళ్లకు పద్ధతి అయి కూర్చుంది. ఒజెల్లా చెయ్యి బాంజో వైపు వెళ్లింది. దండిని తాకింది కూడా.

"సోదరి ఒజెల్లా తన తండ్రికి చేసిన పని మన సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు" అన్నారు పాస్టరు గారు, అందరికీ వినపడేలా. "నేను ఇక్కడికి వచ్చిన మొదటి వారమే నాకెవరో చెప్పారు."

టోపీలన్నీ ఆమెవైపు తిరిగాయి. ఒక్కొక్క మొహంలోనూ గౌరవమే. ఆ గౌరవం చూసి ఆమెకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. బాంజో తీసుకుని కూర్చుంటే నాన్నకు ఎందుకు వాయించలేదని అడుగుతారు. అప్పుడు అంతా చెప్పాలి. ఈ మొహాలన్నీ మారిపోతుంటే చూస్తూ కూర్చోవాలి.

"పెట్టేయండి" అంది.

దండి మీంచి చెయ్యి తీసేసింది.

ఎర్నెస్టీన్ బాంజోను తండ్రి మోచేతి పక్కన పడుకోబెట్టింది. మూత వేశారు. ఆరుగురు భుజాలకెత్తుకున్నారు. తీగలు దించలేదు కదా... ప్రతి అడుగుకీ పెట్టె లోపల సన్నగా ఏదో మోగింది. మోస్తున్నవాళ్లలో ఒకడు ఆగి పక్కవాడి మొహం చూశాడు. ఇద్దరూ తల వంచుకుని మళ్లీ నడిచారు. గోతిలోకి దించాక ఎర్రమట్టి పెళ్లలు మూతమీద పడుతుంటే ఆ చప్పుడు చెక్కమీద పడినట్టు లేదు. తోలుమీద పడినట్టుంది. ఒజెల్లా చెవులు మూసుకోలేక, అందరితో పాటు కీర్తన పాడింది. గోతిని సగందాకా పూడ్చేవరకూ లోపలి తీగ మోగుతూనే ఉంది. ఆ తర్వాత మోగలేదో, తనకు వినపడలేదో.

రాత్రంతా కుర్చీలోనే కూర్చుంది. తెల్లవారేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. ఆదివారం. చర్చిలో సాక్ష్యం చెప్పే వేళ లేచి నిలబడుతుంది. తండ్రికి చేసిందీ, బాబాయికి చేసిందీ అందరి ముందూ చెప్పేస్తుంది. మొహం మీద ఉమ్మేసినా సరే. ముందు ఆ బుర్రను తన చేతుల్తో కిందికి దించాలి. చర్చి బట్టలు వేసుకుని, పెరటి తలుపు గొళ్లెం తీసింది. ఈసారి చెయ్యి ఆగలేదు.

వాన తుంపరగా పడుతోంది. కోళ్లు గూట్లోంచి బయటికి రాలేదు. ఒజెల్లా తలెత్తి చూసింది.

స్తంభం మీద రెండు బుర్రలున్నాయి.

కళ్లు నులుముకుంది. కొట్టంలోకి పరిగెత్తింది. పదకొండు, వరసగా, పొడిగా, ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టింది. మళ్లీ బయటికొచ్చింది. తెల్లది. దాని పక్క కొక్కేనికి ఇంకొకటి. రంగు వేయలేదు. పచ్చగా, కొత్తగా ఉంది. దండి మొదట్లోనే వంకరగా కోసేసి ఉంది, అప్పట్లో తను రంపంతో కోసినట్టే. దాని ఒళ్లంతా తడి ఎర్రమట్టి. మట్టి కరిగి చుక్కచుక్కగా కింద గడ్డిమీద పడుతోంది.

అప్పుడు గమనించింది. తెల్లబుర్రను ఆవిడ చేనువైపు తిప్పి కట్టింది. పంతొమ్మిదేళ్లు అది అటే చూసింది. ఇప్పుడు రెంటి తోలు ముఖాలూ రోడ్డువైపు తిరిగి ఉన్నాయి.

"నాన్నా" అంది ఒజెల్లా. "నేను పెట్టలేదు... అబద్ధం చెప్పాను... బాబాయ్..."

వినడానికి మనిషన్నవాడు లేడక్కడ. గేటు దగ్గర కారు ఆగింది. ప్రతి ఆదివారంలాగే ఆమెను చర్చికి తీసుకెళ్లడానికి వచ్చిన ఎర్నెస్టీన్ అద్దం దించి, ఏదో చెప్పబోయి, పైకి చూసింది. చాలాసేపు చూసింది. కారు దిగి, తలుపు వేయడం కూడా మరిచిపోయి, తడిగడ్డిలో నాలుగడుగులు వేసింది.

"అక్కా" అంది. "నిన్న మూత వేసింది మన కళ్ల ముందే కదా?"

ఒజెల్లా నోరు తెరిచింది.

పైన తెల్లబుర్ర మీద రెండు దెబ్బలు వినిపించాయి. కాసేపాగి, పచ్చబుర్ర మీద రెండు.